వెంట్రుకవాసి ఖాళీ – డిఫరెన్షియల్ చెప్పే చరిత్ర

సైన్యంలో ఏ ఆర్మ్‌లో పనిచేసినా, ఏ సర్వీసులో ఉన్నా ఎమ్.టి. పార్కు తెలియని వారుండరు. జీపు కిందికి వంగి చూస్తే వెనక ఇరుసు మధ్యలో గుమ్మడికాయంత ఉబ్బు కనిపిస్తుంది. డ్రైవర్లు దాన్ని ‘డిఫరెన్షర్’ అంటారు, మేస్త్రీలు ‘హౌసింగ్’ అంటారు, పుస్తకాల్లో డిఫరెన్షియల్ అని ఉంటుంది. మెయింటెనెన్స్ పరేడ్‌లో దాని ఆయిల్ లెవెల్ చూసి, బ్రీదర్ తుడిచి ముందుకు వెళ్లిపోయిన వాళ్లమే మనలో ఎక్కువమంది. దాని లోపల ఏముందో, అందులోని పళ్ల చక్రాల మధ్య ఎంత ఖాళీ ఉండాలో, ఆ ఖాళీని ఎవరు, ఎలా నిర్ణయించారో తెలుసుకునే అవసరం చాలామందికి రాలేదు.

ఇప్పుడు ఆ అవసరం వచ్చిందని నా అభిప్రాయం. పదవీ విరమణ చేసిన మిత్రులు కొందరు డిస్పోజల్‌లో కొన్న జీపులు, జోంగాలు, పాత అంబాసిడర్లు ఇంటి దగ్గర పెట్టుకుని తామే రిపేరు చేసుకుంటున్నారు. ఇంజను విప్పడానికి భయపడని వాళ్లు కూడా డిఫరెన్షియల్ దగ్గరకు వచ్చేసరికి వెనకాడతారు. కారణం ఏమిటంటే, అందులో పని విప్పి బిగించడంతో అయిపోదు, కొలవాలి. ఆ కొలత వెనక రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. అది తెలిస్తే పనీ అర్థమవుతుంది, భయమూ తగ్గుతుంది.

ఎడ్లబండికి అక్కరలేనిది

ముందుగా, అసలు ఈ యంత్రం ఎందుకు? మన ఎడ్లబండిలో ఇరుసు తిరగదు. దాని రెండు కొసల మీద చక్రాలు దేనికది స్వతంత్రంగా తిరుగుతాయి. ఊడిపోకుండా చీల, అరగకుండా కందెన ఉంటే చాలు. బండి మలుపు తిరిగితే బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం వెళ్తాయి. బండిని లాగేది ఎద్దులు కాబట్టి చక్రాల మధ్య గొడవ లేదు.

మోటారు బండిలో లాగే ఎద్దులు లేవు. చక్రాన్నే తిప్పాలి. రెండు చక్రాలనూ ఒకే ఇరుసుకు గట్టిగా బిగించి తిప్పితే మలుపులో ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. యుద్ధకాలపు జీపులో ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య దూరం సుమారు 49 అంగుళాలు, అంటే దాదాపు 1.24 మీటర్లు. బండి లంబకోణంలో ఒక మలుపు తిరిగితే బయటి చక్రం లోపలి చక్రం కంటే దాదాపు 1.95 మీటర్లు ఎక్కువ నడవాలి. మలుపు పెద్దదైనా చిన్నదైనా ఈ తేడా మారదు. ఆ రెండు మీటర్లు ఎక్కడో ఒకచోట సర్దుబాటు కావాలి. కాకపోతే టైరు ఈడ్చుకుపోతుంది, లేదా ఇరుసు విరుగుతుంది.

రెండు చక్రాలకూ శక్తి ఇస్తూనే, వాటిని వేర్వేరు వేగాలతో తిరగనివ్వడం డిఫరెన్షియల్ చేసే పని. ఒకటి ఎంత నెమ్మదిస్తే రెండోది అంత వేగం పుంజుకుంటుంది. లోపల ఉండే చిన్న స్టార్ పినియన్లు, సన్ గేర్లు ఈ లెక్కను చూసుకుంటాయి.

ఆలోచన ఎవరిది?

క్రీస్తుశకం 3వ శతాబ్దంలో చైనాలో మా జున్ అనే యంత్రకారుడు ‘దక్షిణం చూపే రథం’ చేశాడని అక్కడి చరిత్రల్లో ఉంది. రథం ఎటు తిరిగినా దాని మీది బొమ్మ చెయ్యి దక్షిణాన్నే చూపేదట. పొగమంచులో సైన్యం దారి తప్పకుండా ఇలాంటి రథం వాడారని అంతకంటే పాత గాథ కూడా ఉంది. మ్యాప్ రీడింగ్‌లో కంపాస్‌తో కుస్తీ పట్టిన మనకు ఆ అవసరం బాగానే అర్థమవుతుంది. అసలు రథమేదీ మిగలలేదు. అందులో డిఫరెన్షియల్ ఉండి ఉండవచ్చని బ్రిటిష్ మోటారు ఇంజనీరు జార్జ్ లాంచెస్టర్ 1947లో వాదించాడు. ఇతర రకాల పళ్ల చక్రాలతోనూ ఆ పని సాధ్యమే కనుక ఈ విషయం తేలలేదు.

తేలిన చరిత్ర ఫ్రాన్సులో మొదలవుతుంది. పారిస్‌లోని కళలు, వృత్తుల సంగ్రహాలయంలో వర్క్‌షాపుల పెద్దగా పనిచేసిన ఒనెసిఫోర్ పెకర్ తన ఆవిరి బండి కోసం డిఫరెన్షియల్‌ను రూపొందించి 1828లో పేటెంట్ తీసుకున్నాడు. ఈ ఆవిష్కరణ వర్క్‌షాపు మనిషి చేతిలోనే పుట్టిందన్న సంగతి మన ఈ.ఎమ్.ఈ. మిత్రులకు సంతోషం కలిగిస్తుందనుకుంటాను.

తర్వాత అర్ధ శతాబ్దం దాన్ని పెద్దగా పట్టించుకున్న వాళ్లు లేరు. 1877లో ఇంగ్లండులోని కోవెంట్రీలో సైకిళ్లు తయారుచేసే జేమ్స్ స్టార్లీకి మళ్లీ ఆ అవసరం పడింది. తండ్రీకొడుకులు పక్కపక్కన కూర్చుని తొక్కే బండి మీద వెళ్తుంటే, కొడుకు బలంగా తొక్కడంతో బండి ఒక పక్కకు లాగి ఇద్దరూ దురదగొండి పొదల్లో పడ్డారని, ఆ దెబ్బతో ఈ యంత్రం తట్టిందని ఒక కథ చెబుతారు. కథ మాటెలా ఉన్నా, మూడు చక్రాల సైకిల్‌లోకి డిఫరెన్షియల్ అలా వచ్చింది. కార్ల్ బెంజ్ 1885లో తయారుచేసి 1886 జనవరి 29న పేటెంట్‌కు పెట్టిన మోటారు బండిలోనూ అది ఉంది.

లంబకోణం తెచ్చిన తంటా

ఇక్కడితో ఆలోచన పూర్తయింది. కష్టం మాత్రం ఇక్కడే మొదలైంది. తొలి బండ్లలో శక్తిని గొలుసులు చక్రాలకు చేర్చేవి. 1898లో లూయీ రెనో తన చిన్న కారులో గొలుసు తీసేసి, ముందునుంచి వెనక్కి ఒక షాఫ్టు వేశాడు. షాఫ్టు బండి పొడవునా తిరుగుతుంది, ఇరుసు అడ్డంగా తిరుగుతుంది. తిరుగుడును లంబకోణంలో మళ్లించాలంటే ఒక చిన్న పళ్ల చక్రం, ఒక పెద్ద పళ్ల చక్రం ఒరుసుకుంటూ తిరగాలి. చిన్నదాన్ని మన మేస్త్రీలు టెయిల్ పినియన్ అంటారు, పెద్దది క్రౌన్. ఇంటి దగ్గర డిఫరెన్షియల్ కట్టేవాడి తలనొప్పంతా ఈ జంటతోనే.

మొదట్లో ఈ పళ్లు తిన్నగా ఉండేవి. ఒక పన్ను వదిలి ఇంకో పన్ను పట్టుకున్నప్పుడల్లా చప్పుడు. అమెరికాలోని రోచెస్టర్‌లో విలియమ్ గ్లీసన్ 1874లోనే వాలు పళ్ల చక్రాలను కోసే యంత్రం చేశాడు. ఆయన సంస్థే 1913లో పళ్లను వంపుగా కోసే యంత్రాన్ని తెచ్చింది. వంపు పన్ను ఒక్కసారిగా కొట్టుకోకుండా ఒక కొస నుంచి మెల్లగా ఆనుకుంటుంది, పైగా ఒకే సమయంలో ఒకటికంటే ఎక్కువ పళ్లు బరువు మోస్తాయి. దాంతో చప్పుడు తగ్గి బలం పెరిగింది.

1920లలో అదే గ్లీసన్ సంస్థలో ఎర్నెస్ట్ వైల్డ్‌హేబర్ అనే ఇంజనీరు ఇంకో అడుగు వేశాడు. పినియన్‌ను క్రౌన్ నడిమి గీతకు సూటిగా కాక కొంచెం కిందికి దించాడు. దీన్నే హైపాయిడ్ అంటారు. 1926లో ప్యాకార్డ్ కారులో ఇది వచ్చింది. షాఫ్టు కిందికి దిగింది కాబట్టి కారు అడుగు భాగమూ దిగింది. పినియన్ లావు పెరిగి బలమూ పెరిగింది.

కానీ ప్రతి లాభానికీ ఒక ఖర్చు ఉంటుంది. హైపాయిడ్ పళ్లు దొర్లడంతో పాటు ఒకదానిమీద ఒకటి బాగా జారతాయి. ఆ ఒత్తిడికి మామూలు నూనె పొర తెగిపోతుంది. అందుకే గంధకం, భాస్వరం వంటివి కలిపిన ప్రత్యేకమైన గేర్ ఆయిళ్లు పుట్టాయి. డ్రెయిన్ ప్లగ్ విప్పగానే ముక్కు పగిలే వాసన ఆ గంధకానిదే. అమెరికా సైన్యం ఈ నూనెలకు ఎమ్.ఐ.ఎల్.-ఎల్-2105 పేరుతో సొంత ప్రమాణం రాసుకుంది. ఇప్పుడు డబ్బా మీద కనిపించే జీఎల్-5 అన్న అక్షరాలకు ఆ ప్రమాణాల వరుసతో చుట్టరికం ఉంది.

కొలత రాకముందు, వచ్చాక

పళ్ల మధ్య ఖాళీ ఎందుకు ఉండాలి? నూనె పొరకు చోటు కావాలి. వేడికి ఇనుము సాగుతుంది. బరువు పడితే ఇరుసు గొట్టం కూడా కాస్త వంగుతుంది. అసలు ఖాళీ లేకపోతే పళ్లు బిగుసుకుని మాడిపోతాయి. ఎక్కువైతే గేరు వేసినప్పుడల్లా ‘టక్’మని కొట్టుకుని విరుగుతాయి. చిన్న బండ్లకు ఈ ఖాళీ సాధారణంగా 0.005 నుంచి 0.010 అంగుళం, అంటే మిల్లీమీటరులో సుమారు ఎనిమిదో వంతు నుంచి నాలుగో వంతు. తెలుగులో ‘వెంట్రుకవాసి’ అంటామే, అక్షరాలా అదే. ఒకటి రెండు వెంట్రుకల మందం.

ఇంత చిన్న కొలతను నమ్మకంగా తీయగలగడం ప్రపంచం ఆలస్యంగా నేర్చుకుంది. అందులో ఆయుధ కర్మాగారాల పాత్ర పెద్దది. స్వీడన్‌లోని ఎస్కిల్స్‌టునా రైఫిల్ ఫ్యాక్టరీలో పనిచేసిన కార్ల్ ఎడ్వర్డ్ జొహాన్సన్ 1896లో, జర్మనీలోని మౌజర్ కర్మాగారం చూసి తిరిగి వస్తూ, కొద్దిపాటి ఉక్కు దిమ్మెలను ఒకదానిమీద ఒకటి పేర్చి వేలకొద్దీ కొలతలు తీయవచ్చునని ఊహించాడు. తర్వాత మోటారు పరిశ్రమ మొత్తం ఆ దిమ్మెల మీదే ఆధారపడింది. 1898లో హెన్రీ టిమ్కెన్ పేటెంట్ పొందిన కోసు రోలర్ బేరింగ్ ఇంకో వరం. పక్కకు నెట్టే బలాన్నీ, పైనుంచి పడే బరువునూ అది ఒకేసారి మోస్తుంది. పినియన్‌నూ క్రౌన్‌నూ పెట్టిన చోట కదలకుండా నిలబెట్టేది ఈ బేరింగే.

1908లో ఇంగ్లండులో మూడు క్యాడిలాక్ కార్లను పూర్తిగా విప్పి, విడిభాగాలు కలగలిపి, మళ్లీ మూడు కార్లుగా బిగించి నడిపి చూపించారు. ఏ భాగమైనా ఏ బండికైనా సరిపోవాలన్న సూత్రం అలా గెలిచింది. ఈ సూత్రమే తర్వాత యుద్ధం గెలవడానికి పనికొచ్చింది.

జీపులో విడదీయరాని జంట

రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. ఒక కంపెనీ భాగం ఇంకో కంపెనీ జీపుకు సరిపోవాలన్నది సైన్యం పెట్టిన షరతు. ఎడారిలో, అడవిలో రెండు చెడిన బండ్ల నుంచి ఒక మంచి బండి తయారయ్యేది.

అయితే ఆ జీపులోనే ఈ సూత్రానికి లొంగని జంట ఒకటి ఉంది. అదే క్రౌన్, టెయిల్ పినియన్. ఫ్యాక్టరీలో ఆ రెంటినీ కలిపి, మధ్య రాపిడి ముద్ద వేసి ఒకదానితో ఒకటి నూరతారు. అందుకే రెంటి మీదా ఒకే జత నంబరు చెక్కి ఉంటుంది. ఒక జీపు క్రౌన్ తీసి ఇంకో జీపు పినియన్‌తో కలిపితే, పళ్ల లెక్క సరిపోయినా కాపురం సాగదు. యుద్ధకాలపు జీపులో పినియన్‌కు 8 పళ్లు, క్రౌన్‌కు 39. మన దేశంలో మహీంద్రా వారు దశాబ్దాల పాటు తయారుచేసిన సీజే-3బీలో 8, 43. ఈ అంకెల్లో కూడా తెలివుంది. వీటిని ఉమ్మడిగా భాగించే అంకె లేదు కాబట్టి పినియన్‌లోని ప్రతి పన్నూ క్రౌన్‌లోని ప్రతి పన్నునూ వంతులవారీగా కలుస్తుంది. అరుగుదల అన్ని పళ్లకూ సమానంగా పంచబడుతుంది.

పినియన్ తల మీద ఇంకో చిన్న అంకె కూడా ఉంటుంది. ప్లస్ 2, మైనస్ 1 అని. ఈ పినియన్ లెక్క ప్రకారం ఉండాల్సిన చోటుకంటే ఎన్ని వెయ్యో వంతుల అంగుళం అటో ఇటో ఉంటే బాగా నడుస్తుందో తయారుచేసినవాడు పరీక్షించి చెక్కిన గుర్తు అది. ఎక్కడో అమెరికాలో ఒక కార్మికుడు, ఎప్పుడో ఎక్కడో దాన్ని విప్పబోయే ఒక క్రాఫ్ట్స్‌మన్‌కు రాసిన ఉత్తరం అనుకోవచ్చు. చదవడం తెలిసినవాడికి ఆ ఒక్క అంకె చాలు.

ఆ ఉత్తరం చదవగలిగే వాళ్లను తయారుచేయడం కోసమే ప్రత్యేకంగా కోర్ అవసరమైంది. బ్రిటిష్ సైన్యంలో 1942 అక్టోబర్ 1న, మన సైన్యంలో 1943 అక్టోబర్ 15న ఈ.ఎమ్.ఈ. ఏర్పడింది. ఆ కోర్‌కు చెందిన మిలిటరీ కాలేజీ, 1 ఈ.ఎమ్.ఈ. సెంటర్ మన సికింద్రాబాద్‌లోనే ఉండడం తెలుగువారికి దగ్గరి విషయం.

1965 సెప్టెంబర్‌లో ఖేమ్‌కరణ్ సెక్టారులో, 4 గ్రెనేడియర్స్‌కు చెందిన కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్ అబ్దుల్ హమీద్ జీపు మీద అమర్చిన రీకాయిల్‌లెస్ గన్‌తో ప్యాటన్ ట్యాంకులను దెబ్బతీసి, ప్రాణాలర్పించి, పరమవీర చక్ర పొందారు. ఆ గన్‌కు బలం ఒక్కచోట ఆగకపోవడం. పేల్చగానే చోటు మార్చాలి, చెరకు తోటల్లో తిరగాలి. ఆ వీరుడి ధైర్యానికి ఏ యంత్రమూ సాటి రాదు. కానీ యుద్ధభూమిలో బండి కదిలి తీరాలి, కదలడం ఎవరో ఒకరు ముందే సరిగ్గా బిగించిన దాని మీద ఆధారపడి ఉంటుంది. ఆ ‘ఎవరో ఒకరి’ పేరు ఏ సైటేషన్‌లోనూ ఉండదు.

ఇంటి షెడ్డులో నాలుగు కొలతలు

ఇక పని సంగతి. ఇక్కడ చెప్పేది జీపు తరహా స్పైసర్–డానా ఇరుసును దృష్టిలో పెట్టుకుని. అసలు అంకెలు మీ బండి మాన్యువల్‌లో చూసి తీసుకోవాలి. బండిని గట్టి స్టాండ్ల మీద నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టాకే కిందికి వెళ్లాలి. ఇటుకలు, జాకీ నమ్ముకోవద్దు. విప్పే ముందే పాత లాష్ ఎంతుందో కొలిచి కాగితం మీద రాయాలి. బేరింగ్ క్యాపులకు ఏ పక్కది ఆ పక్కకే అన్న గుర్తు పెట్టాలి. ప్రతి షిమ్మును ఏ చోటుదో రాసి విడిగా కట్టాలి.

మొదటిది పినియన్ లోతు. పాత షిమ్ముల మందంతో మొదలుపెట్టి, పాత పినియన్ గుర్తుకూ కొత్త పినియన్ గుర్తుకూ ఉన్న తేడా సర్దాలి. స్పైసర్–డానా పద్ధతిలో ప్లస్ అంటే షిమ్ము తగ్గించాలి, మైనస్ అంటే పెంచాలి. పాతది ప్లస్ 1, కొత్తది మైనస్ 2 అయితే 0.003 అంగుళం షిమ్ము అదనంగా వేయాలి. ఈ గుర్తుల అర్థం కంపెనీని బట్టి మారుతుంది, జాగ్రత్త.

రెండోది పినియన్ బేరింగ్ ప్రీలోడ్, అంటే బరువు పడకముందే ఇచ్చే బిగింపు. ఇది లేకపోతే లాగేటప్పుడు పినియన్ ముందుకీ వెనక్కీ కదిలి, మనం పెట్టిన లోతు గంగలో కలుస్తుంది. దీనికి ఖరీదైన పనిముట్టు అక్కరలేదు. ఫ్లాంజికి దారం చుట్టి స్ప్రింగు త్రాసుతో లాగితే చాలు. తిరగడం మొదలయ్యేటప్పుడు కాదు, నిదానంగా తిరుగుతున్నప్పుడు చూపే బరువు తీసుకోవాలి. దారం ఇరుసు మధ్య నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో ఉండి త్రాసు 4 కిలోలు చూపితే 20 కిలో–సెంటీమీటర్లు. కొత్త బేరింగులకు ఎక్కువ, నడిచిన బేరింగులకు దాదాపు సగం ఇవ్వడం ఆనవాయితీ. కొన్ని బండ్లలో నలిగే స్పేసరు ఉంటుంది. నట్టు ఎక్కువ బిగిస్తే దాన్ని వదులు చేసి సరిపెట్టకూడదు, కొత్త స్పేసరు వేయాల్సిందే.

మూడోది లాష్. పినియన్‌ను కదలకుండా పట్టుకుని, క్రౌన్ పన్ను బయటి కొసకు డయల్ గేజి నిటారుగా ఆనించి, క్రౌన్‌ను అటూ ఇటూ ఊపి చూడాలి. ఒక్కచోట చూస్తే చాలదు, నాలుగు చోట్ల చూడాలి. ఒకచోటుకూ ఇంకోచోటుకూ 0.002, 0.003 అంగుళానికి మించి తేడా ఉంటే క్రౌన్ కింద మురికో, గీరుకుపోయిన అంచో ఉన్నట్టు. ఖాళీ తగ్గించాలంటే క్రౌన్‌ను పినియన్ వైపు జరపాలి. ఒక పక్క షిమ్ము తీసి రెండో పక్కకు వేస్తే మొత్తం మందం మారదు కాబట్టి పక్క బేరింగుల బిగింపు చెడదు. క్రౌన్ 0.010 జరిగితే లాష్ సుమారు 0.007 మారుతుందన్నది పనికొచ్చే లెక్క. కొన్ని బండ్లలో షిమ్ములకు బదులు మరల నట్లు ఉంటాయి. వాటితో పని ఇంకా సుళువు.

నాలుగోది, అన్నింటికీ తీర్పు చెప్పేది, పళ్ల ముద్ర. పాత మేస్త్రీలు సింధూరాన్ని నూనెలో కలిపి క్రౌన్ పళ్లకు పూసి తిప్పేవారు. మిలిటరీ మాన్యువళ్లలో రెడ్ లెడ్ అన్నదీ, మన పాత సింధూరమూ ఒకటే. అందులో సీసం ఉంటుంది కాబట్టి ఇప్పుడు సీసం లేని రంగు ముద్దలు వాడడం మంచిది. తిప్పినప్పుడు కాస్త అడ్డుకుంటేనే ముద్ర స్పష్టంగా పడుతుంది. ముద్ర పన్ను ఎత్తులో మధ్యన పడాలి. పన్ను కొనమీద పడితే పినియన్ దూరంగా ఉంది, వేరు దగ్గర పడితే మరీ లోతుగా ఉంది. బయటి కొసకు జరిగితే ఖాళీ ఎక్కువ, లోపలి కొసకు జరిగితే తక్కువ. ముందు లోతు సరిచేసి, తర్వాత లాష్ సరిచేయాలి. ఒకటి మారిస్తే రెండోది మారుతుంది కాబట్టి మూడు నాలుగు సార్లు విప్పి బిగించడం సహజమే. అందుకే తెలివైనవాళ్లు పాత బేరింగు లోపలి గుండ్రాన్ని కాస్త అరగదీసి, చేత్తో ఎక్కి దిగేలా చేసుకుని, కొలతలకు దాన్నే వాడతారు. కొత్త బేరింగు చివర్లో ఒక్కసారి ఎక్కిస్తే చాలు.

ఇంకో మాట. నడిచిన పాత జంటనే మళ్లీ వేస్తుంటే దానికి కొత్త జంట లెక్క పెట్టకూడదు. ఏళ్ల తరబడి ఒకదానికొకటి అలవాటుపడ్డ పళ్లవి. పాత చోటుకే, పాత లాష్‌కే చేర్చాలి. ఖాళీ తగ్గిద్దామని జరిపితే కొత్తగా కూత మొదలవుతుంది. కొత్త జంటైతే తొలి ప్రయాణం నెమ్మదిగా పాతిక ముప్పై కిలోమీటర్లు చేసి, చల్లారనిచ్చి, తొలి 800 కిలోమీటర్లకు నూనె మార్చడం ఆరోగ్యం.

చెవి, చెయ్యి, కాగితం

యుద్ధం తర్వాత మిగిలిన సైనిక వాహనాలు వేలంలో బయటికి వచ్చి మన పల్లెల దాకా చేరాయి. ఆ తర్వాత అంబాసిడర్లు వచ్చాయి. జబల్‌పూర్ నుంచి శక్తిమాన్, నిస్సాన్ వన్ టన్, జోంగా వచ్చాయి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఒక తరం మేస్త్రీలు గేజి లేకుండా చెవితో, చేతితో ఈ పని నేర్చారు. లాగేటప్పుడు కూస్తుందా, కాలు తీస్తే కూస్తుందా అన్నది విని రోగం చెప్పేవారు. పళ్ల మధ్య మెత్తటి సీసపు తీగ పెట్టి తిప్పి, నలిగిన మందం చూసేవారు. వారిలో సైన్యం నుంచి వచ్చినవారూ ఉన్నారు. అది గొప్ప విద్యే. కానీ చెవిలో ఉన్న విద్య ఆ మనిషితోనే వెళ్లిపోతుంది.

ఆ విద్యకు పని తగ్గడం 1983 డిసెంబరులో మొదలైందనవచ్చు. ఆ నెల వచ్చిన మారుతి 800లో ఇంజను అడ్డంగా ఉండి ముందు చక్రాలనే తిప్పుతుంది. లంబకోణం మలుపు లేదు, క్రౌన్–టెయిల్ పినియన్ జంట లేదు. డిఫరెన్షియల్ మాత్రం ఉంది, గేరుబాక్సులోనే ఒదిగిపోయింది. ఆ దారినే మిగతా చిన్న కార్లూ వచ్చాయి. జోంగా తయారీ 1999లో, అంబాసిడర్ 2014లో ఆగిపోయాయి. జిప్సీ సాధారణ అమ్మకాలు కూడా 2019 నాటికి ఆగాయి. ఇప్పటి విద్యుత్తు కార్లలో ఇంజను లేదు, క్లచ్చి లేదు, కానీ ఒక మోటారు రెండు చక్రాలను తిప్పే చోట పెకర్ ఆలోచన చెక్కుచెదరకుండా ఉంది. లారీల్లో, బరువు బండ్లలో క్రౌన్–పినియన్ జంట ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది. తగ్గిపోతున్నది దాన్ని కొలిచి కట్టే చేతులు. చెడితే మొత్తం అసెంబ్లీ మార్చేయడమే సుళువన్న కాలం ఇది. మార్చడానికి అసెంబ్లీ దొరకని రోజున ఏం చేస్తాం? సరిహద్దులో ఆ రోజు ఎప్పుడైనా రావచ్చునని మనకు చెప్పక్కరలేదు.

అందుకే ఈ వ్యాసం ముగించే ముందు ఒక విన్నపం. మన సంఘంలో ఎల్.ఏ.డి.ల్లో, ఫీల్డ్ వర్క్‌షాపుల్లో, బేస్ వర్క్‌షాపుల్లో ఈ పని చేసిన పెద్దలున్నారు. ఏ బండికి ఎంత లాష్ పెట్టేవారో, ఏ కూతకు ఏ మందో, ఏ షిమ్ముతో ఏ చిక్కు తీరిందో తెలుగులో నాలుగు పేజీలు రాసి ఉంచండి. ఇంటి దగ్గర బండి కట్టుకునే వాళ్లు చివరి బోల్టు బిగించే ముందు షిమ్ముల మందం, త్రాసు చూపిన బరువు, నాలుగు చోట్ల లాష్ ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, బండి కాగితాలతో భద్రపరచండి. ముప్పై ఏళ్ల తర్వాత ఆ హౌసింగ్ విప్పేవాడు మీ మనవడు కావచ్చు, ముక్కూ మొహం తెలియని కుర్రవాడు కావచ్చు. పినియన్ తల మీది అంకె మనకు ఎలా దారి చూపిందో, ఆ కాగితం వాడికి అలా చూపుతుంది.

జై హింద్.